కాబూల్ పాఠాలు మన ఆడపిల్లలకు వద్దు

ఈ మెసేజీ మొదట మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది. చదివి ఊరుకున్నాను. తర్వాత కాలనీ గ్రూపులో వచ్చింది, ఆ తర్వాత రిటైర్డ్ ఉద్యోగుల గ్రూపులో. నిన్న మా మరిది నేరుగా నాకే పంపి, కింద "వదినా, ఇందుల తప్పేమున్నది చెప్పు" అని రాశాడు. చెప్తాను. ఒక్క మరిదికే కాదు, పంపిన అందరికీ చెప్తాను.

చూడనివాళ్ళ కోసం ముందు దాని సారం. పేరు "కాబూల్ నేర్పే ఏడు పాఠాలు". పైన తుపాకి పట్టుకున్న గడ్డం మనిషి, పక్కన నీలం బురఖాల్లో నలుగురు ఆడవాళ్ళ ఫొటో. తాలిబాన్ల పాలనలో అత్యాచారం అన్న మాటే లేదట. విడాకులు లేవట. బంగారం రోడ్డు మీద పెట్టినా ఎవరూ ముట్టరట. నల్లమందు పంట మాయమైందట. ఆడమనిషి ఇంట్లో రాణిలా ఉంటుందట, సంపాదించే బరువంతా మొగవాడిదేనట. ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లే వైద్యం చేస్తారు గనుక మానానికి భయం లేదట. ఇక ఏడోది: మన ఆడపిల్లలు చదువుల పేరుతో హైదరాబాద్ పోయి, చేతికి ఫోనొచ్చి చెడిపోతున్నారు, కాబట్టి మనం కాబూల్‌ను చూసి నేర్చుకోవాలి. అడుగున "అది వాళ్ళ మతం, వాళ్ళ సంస్కృతి, తప్పు పట్టడానికి మనమెవరం" అని ముక్తాయింపు.

అసలు విషయంలోకి పోయే ముందు ఒకటి చెప్పాలి. దీన్ని నాకు పంపినవాళ్ళలో ముస్లింలు ఒక్కరూ లేరు. పంపింది మన ఇళ్ళలోని బావలు, మరుదులు, పింఛను తీసుకుంటున్న సార్లు. మొన్నటిదాకా ముస్లింల మీద నోటికొచ్చినట్టు రాసిన మెసేజీలు పంపింది కూడా వీళ్ళే. అంటే మీకు నచ్చింది వాళ్ళ మతం కాదు, ఆడవాళ్ళ తలుపుకు వాళ్ళు వేసిన తాళం. నా కోపం దాని మీదే.

చిన్న పాయింట్లు ముందు తేల్చేస్తాను. రోడ్డు మీద బంగారం: 2024లో అఫ్ఘానిస్తాన్‌లో 2 కోట్ల 30 లక్షలకు పైగా జనానికి బయటి సాయం కావాలని ఐక్యరాజ్యసమితి లెక్క కట్టింది. అంటే సగం దేశం కన్నా ఎక్కువ. తిండికే చెయ్యి చాపాల్సిన ఇంట్లో రోడ్డు మీద పెట్టేందుకు బంగారం ఎక్కడిది? ఇక ఆ ఫొటో. 2024 ఆగస్టులో తాలిబాన్లు తెచ్చిన నీతి చట్టం ప్రకారం ప్రాణమున్న దేని బొమ్మా ఫోనులో తీయకూడదు, చూడకూడదు. గడ్డం గీసుకున్నా తప్పే. రోజూ పొద్దున నున్నగా గీసుకుని మనవరాలి ఫొటో డీపీగా పెట్టుకునే సార్లు ఆ చట్టం కింద ఒక్కరోజు బతకండి, అప్పుడు మాట్లాడదాం.

"మరి మన ప్రభుత్వమే వాళ్ళ మంత్రిని పిలిచింది కదా" అని కాలనీ గ్రూపులో ఒకాయన అడిగారు. పిలిచింది. 2025 అక్టోబరులో వాళ్ళ విదేశాంగ మంత్రి ముత్తకీ ఢిల్లీ వచ్చాడు. 10వ తేదీన పెట్టిన ప్రెస్ మీట్‌లో ఒక్క మహిళా జర్నలిస్టు కూడా లేదు. దేశమంతా గోల చేస్తే 12వ తేదీన మళ్ళీ పెట్టి ఆడవాళ్ళను పిలవాల్సి వచ్చింది. పక్క రాజ్యంతో మాట్లాడటం ప్రభుత్వానికి తప్పదు. మాట్లాడినంత మాత్రాన మంచివాళ్ళని ముద్ర వేసినట్టు కాదు.

నల్లమందు సంగతి మాత్రం నిజం, ఒప్పుకుంటాను. 2022 ఏప్రిల్‌లో వాళ్ళు గసగసాల సాగును నిషేధించారు. మరుసటి ఏడాదికల్లా సాగు 95 శాతం పడిపోయిందని ఐక్యరాజ్యసమితి డ్రగ్స్ విభాగమే చెప్పింది. ఇరవై ఏళ్ళు డబ్బు గుమ్మరించినా అమెరికా చెయ్యలేని పని అది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. యుద్ధం ఆగాక హెల్మండ్ లాంటి చోట్ల పల్లెజనం రాత్రిళ్ళు నిద్రపోతున్నారు. విదేశీ సైన్యం అర్ధరాత్రి ఇళ్ళ మీద పడ్డప్పుడు, పైనుంచి బాంబులు పడ్డప్పుడు చచ్చినవాళ్ళలో ఆడవాళ్ళూ పసిపిల్లలూ ఉన్నారు. ఆడవాళ్ళ హక్కుల పేరు చెప్పి ఆ యుద్ధాన్ని సమర్థించినవాళ్ళు దానికి జవాబు చెప్పాల్సిందే. కానీ నల్లమందు ఆపడానికి ఆడపిల్ల బడి ఎందుకు మూయాలి? ఈ రెంటికీ సంబంధం ఏమిటో మెసేజీ రాసినాయన ఎక్కడా చెప్పలేదు. ఎందుకంటే సంబంధమే లేదు.

ఇక అత్యాచారాలు లేవన్న మాట.

మా నర్సులందరికీ ఎంఎల్‌సీ రిజిస్టరు తెలుసు. పోలీసు కేసయ్యే గాయం ఏదొచ్చినా అందులో ఎక్కించాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒళ్ళు కాలిన కొత్త పెళ్ళికూతుళ్ళు వచ్చేవాళ్ళు. ప్రతి పేరు పక్కనా "స్టవ్ పేలి" అని ఉండేది. స్టవ్ పేలితే ముందు చేతులు, ముంజేతులు కాలాలి. వాళ్ళకు వీపు కాలి ఉండేది. అత్త మంచం పక్కనే కూర్చుని ఉంటే ఆ పిల్ల ఏమడిగినా తలూపేది. ఆమెను టీకి పంపి, తలుపేసి, తడిగుడ్డతో పెదాలు తుడుస్తూ అడిగితే అప్పుడు చెప్పేది. మెజిస్ట్రేటు వచ్చి మరణ వాంగ్మూలం తీసుకున్నాకే ఆ చావు వరకట్న చావుల లెక్కలోకి ఎక్కేది. ఆ రిజిస్టరును మాత్రమే చూసినవాడికి జిల్లాలో వరకట్నం చావులే లేనట్టు, స్టవ్‌లే నాసిరకంవైనట్టు అనిపిస్తుంది.

చెప్పుకునే చోటు ఉంటేనే కేసు ఉంటుంది. అఫ్ఘానిస్తాన్‌లో 2009లో ఆడవాళ్ళ మీద హింసకు వ్యతిరేకంగా ఒక చట్టం వచ్చింది. అత్యాచారం, బాల్యవివాహం, కొట్టడం, ఇట్లా 22 రకాల నేరాలను అందులో రాశారు. వాటికి ప్రత్యేక ప్రాసిక్యూటర్లు, కోర్టులు పెట్టారు. పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకు ఆశ్రయ గృహాలుండేవి. 250 మందికి పైగా మహిళా జడ్జీలుండేవాళ్ళు. 2021 ఆగస్టు 15న తాలిబాన్లు కాబూల్ పట్టుకున్నాక ఇవన్నీ పోయాయి. సెప్టెంబరులో మహిళా మంత్రిత్వ శాఖ బోర్డు పీకేసి, అదే భవనాన్ని నీతి పోలీసుల శాఖకు ఇచ్చారు. ఆశ్రయ గృహాలు మూతపడ్డాయి. దిక్కులేని బాధితురాళ్ళను "రక్షణ" పేరుతో జైళ్ళకు పంపుతున్నారని 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మిషన్ రిపోర్టు ఇచ్చింది. దెబ్బలు తిన్నదాన్నే జైల్లో పెట్టే చోట ఏ ఆడది పోయి ఫిర్యాదు ఇస్తుంది? ఫిర్యాదులు లేకపోవడాన్ని నేరాలు లేకపోవడంగా చూపించి మనల్ని నమ్మమంటున్నారు.

విడాకుల సంగతీ అంతే. పాత కోర్టులు ఇచ్చిన విడాకులు చెల్లవని, కొట్టి చంపబోయిన మొగుడి దగ్గరికే ఆడవాళ్ళను తిరిగి పంపిన కేసుల గురించి వార్తాసంస్థలు రాశాయి. దాన్ని కాపురం నిలబెట్టడం అంటారా?

భద్రత గురించి ఇంత రాసినవాళ్ళు 2022 సెప్టెంబరు 30 గురించి ఒక్క ముక్క రాయలేదు. కాబూల్‌లో కాజ్ అనే కోచింగ్ సెంటర్లో పిల్లలు యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష నమూనా రాస్తుంటే ఒకడు వచ్చి బాంబు పేల్చుకున్నాడు. యాభై మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది హజారా అనే మైనారిటీ తెగ ఆడపిల్లలే. తాలిబాన్లు కాపాడతామన్న ఊళ్ళోనే జరిగింది ఇది. బతికిన పిల్లల్లో కొందరు ఆ పరీక్ష రాశారు కూడా. మూడు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 20న, ఆడవాళ్ళకు యూనివర్సిటీలు బంద్ చేస్తున్నామని ప్రభుత్వం కాగితం ఇచ్చింది. బాంబుకు భయపడని పిల్లలను ఒక్క కాగితంతో ఇంట్లో కూర్చోబెట్టారు.

ఆడమనిషి రాణి అంటున్నారు. నలభై ఏళ్ళు యుద్ధం నడిచిన దేశంలో వితంతువులు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. మొగదిక్కు లేని ఇల్లు అక్కడ వింత కాదు. ఆ ఇంట్లో సంపాదించే బరువు ఏ మొగవాడి మీద ఉంది? 72 కిలోమీటర్లు దాటి పోవాలంటే వెంట మొగ బంధువు ఉండాలని 2021 డిసెంబరులో అన్నారు. 2022 నవంబరులో పార్కులు, జిమ్ములు మూశారు. డిసెంబరులో స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్ళ ఉద్యోగాలు ఆపారు. 2023 జూలైలో బ్యూటీ పార్లర్లు మూయించారు, దాంతో 60,000 మంది ఆడవాళ్ళ జీవనం పోయిందని అక్కడి మహిళా వ్యాపారుల సంఘమే చెప్పింది. 2024లో గొంతు కూడా బయట వినపడకూడదన్నారు. ఆ ఏడాది చివర్లో, కొత్తగా కట్టే ఇళ్ళకు పక్కింటి వాకిలి, వంటిల్లు, నీళ్ళు తోడుకునే బావి కనపడేటట్టు కిటికీ పెట్టకూడదని ఉత్తర్వు వచ్చింది. ఆడవాళ్ళు కనపడతారని. వంటింట్లో ఉన్న ఆడది కనపడుతుందని కిటికీ వద్దన్న పాలనను మీరు రాణివాసం అంటున్నారు, చదువుకున్నవాళ్ళై ఉండి.

"వాళ్ళ మతం" అని తప్పుకునేవాళ్ళకు. యూనివర్సిటీలు మూసిన వారంలోనే కైరోలోని అల్ అజహర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్ తయ్యబ్ అది షరియాకు విరుద్ధమని ప్రకటించారు. సున్నీ ముస్లింలకు అంతకన్నా పెద్ద విద్యాపీఠం లేదు. సౌదీ, ఖతార్, తుర్కియే తప్పు పట్టాయి. హైస్కూలు చదువును ఆడపిల్లలకు నిషేధించిన దేశం ఈ భూమ్మీద ఇదొక్కటే, మిగతా ముస్లిం దేశాలన్నీ చదివిస్తున్నాయి. తాలిబాన్లలోనే స్టానిక్‌జాయ్ అని ఉప విదేశాంగ మంత్రి ఉండేవాడు, ఒకప్పుడు మన డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ పొందినవాడు. 2025 జనవరిలో ఖోస్త్‌లో నిలబడి, 4 కోట్ల జనంలో 2 కోట్ల మందికి అన్యాయం చేస్తున్నాం, ఇది షరియా కాదు, మన సొంత ఇష్టం అని అన్నాడు. ఆ తర్వాత ఆయన దేశం విడిచి పోవాల్సి వచ్చిందని వార్తలొచ్చాయి. తాలిబాన్ మంత్రే కాదన్నదాన్ని నల్గొండలో కూర్చుని మీరు ఇస్లాం అని చెప్తున్నారు.

నాతో ఏళ్ళ తరబడి లేబర్ రూములో పనిచేసిన ముస్లిం సిస్టరు ఒకామె ఉంది. రంజాన్‌లో ఒక్క పొద్దు ఉండి కాన్పులు చేసేది. సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుని మళ్ళీ గ్లవ్స్ తొడుక్కునేది. ఈ మెసేజీ ఆమెకు చూపిస్తే, "ప్రవక్త భార్య హజ్రత్ ఖదీజా వ్యాపారం చేసింది, ఈళ్ళకు ఆ సంగతి ఎవరు చెప్పాలె అక్కా" అన్నది. అంతకన్నా నేను చెప్పేది లేదు.

సంస్కృతి కూడా అబద్ధమే. కాబూల్‌లో ఆడపిల్లల బడి 1921లోనే తెరిచారు, రాణి సొరయా పూనుకుని. 1964 రాజ్యాంగం ఆడామగా ఇద్దరికీ సమాన హక్కులిచ్చింది. 2004 రాజ్యాంగం కింద దిగువ సభలో పావు వంతుకు పైగా సీట్లు ఆడవాళ్ళకు ఉండేవి. మన పార్లమెంటులో ఇప్పటికీ అంతమంది లేరు. ఇదీ వాళ్ళ సంస్కృతే. దీన్ని తుపాకితో తుడిచినవాళ్ళదే సంస్కృతి అని ఎట్లా ఒప్పుకుంటాం? 2025 జూలై 8న అంతర్జాతీయ నేర న్యాయస్థానం వాళ్ళ అధినేత అఖుంద్‌జాదా మీదా, ప్రధాన న్యాయమూర్తి హక్కానీ మీదా అరెస్టు వారెంట్లు ఇచ్చింది, ఆడవాళ్ళను ఆడవాళ్ళైనందుకే వేధించారన్న నేరారోపణ మీద.

"మనమెవరం" అని అడుగుతున్నారు కదా. మనం నల్గొండ వాళ్ళం. గడీలో దొర ఎదుట తలెత్తని కాలంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం ఈ గడ్డ మీద పుట్టింది. ఆమె 2022 మార్చి 19న కన్నుమూసింది. ఆమె కోరిక ప్రకారం దేహాన్ని నల్గొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి ఇచ్చారు, పిల్లలు దాని మీద చదువుకోవాలని. సరిగ్గా నాలుగు రోజులకు, మార్చి 23న, కాబూల్‌లో హైస్కూళ్ళు తెరుస్తున్నామంటే ఆడపిల్లలు నల్ల గౌన్లు, తెల్ల స్కార్ఫులు వేసుకుని బడికి పోయారు. కొన్ని గంటల్లోనే ఇంటికి పొమ్మన్నారు. గేటు బయట ఏడ్చుకుంటూ నిలబడ్డ ఆ పిల్లలను టీవీలో చూశాం. చనిపోయి కూడా ఆడపిల్లల చదువుకు పనికొచ్చిన మనిషి జిల్లా నుంచి ఈ మెసేజీ ఊళ్ళు తిరుగుతున్నదంటే నాకు కడుపు రగులుతుంది.

ఇప్పుడు ఆడ డాక్టర్ల పాయింటు. అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే, ఎందుకంటే వినడానికి ఇదే మంచిగా అనిపిస్తుంది. మా బ్యాచ్‌లో చదువుకున్న ఆడవాళ్ళు కూడా దీనికి దండం బొమ్మలు పెట్టారు.

కాన్పు ఎట్లా అవుతుందో, ఎక్కడ చెడుతుందో మొగవాళ్ళకు ఎవరూ చెప్పరు. నేను చెప్తాను. బిడ్డ బయటికొచ్చి మాయ పడ్డాక గర్భసంచి ముడుచుకుని గట్టిపడాలి. బొడ్డు దగ్గర చెయ్యి పెడితే బంతిలాగా తగలాలి. కొందరికి గట్టిపడదు, మెత్తగా ఉండిపోతుంది. అప్పుడు నెత్తురు ఆగదు. కింద వేసిన రబ్బరు షీటు నిండి అంచు మీదనుంచి నేల మీద పడే చప్పుడు వినపడుతుంది. తల్లి ముందు దాహమంటుంది, తర్వాత చలి అంటుంది, తర్వాత మాట్లాడదు. రెండు గంటల్లో మనిషి పోతుంది. తొమ్మిది నెలలు బాగున్న మనిషి, ఏ రోగమూ లేని మనిషి.

దేవరకొండ అవతల తండాలున్న వైపు నేను పనిచేసినప్పుడు ఒక రాత్రి ఇట్లాగే అయింది. మూడో కాన్పు, రక్తం ముందే తక్కువ. తొడకు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు ఇచ్చాను. రెండు చేతులకూ సెలైన్ పెట్టించాను, కాళ్ళ కింద ఇటుకలు పెట్టి మంచం ఎత్తించాను, పైనుంచి కడుపు రుద్దుతూనే ఉన్నాను. ఆగలేదు. అప్పుడిక ఒకటే పని: ఒక చెయ్యి పిడికిలి బిగించి లోపల పెట్టి, రెండో చేత్తో పొట్ట మీదనుంచి గర్భసంచిని వంచి, రెండు చేతుల మధ్య బిగబట్టుకోవాలి. వదిలితే మళ్ళీ కారుతుంది. 108 వచ్చేదాకా పట్టుకున్నాను, బండి ఎక్కాక కూడా మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకున్నాను. గుంతలొచ్చినప్పుడల్లా ఆయమ్మ నా భుజాలు పట్టుకుని ఆపింది. మొగుడు ముందు సీట్లో కూర్చుని "సిస్టరమ్మా, ఉన్నదా?" అని అడుగుతూనే ఉన్నాడు. పెద్దాసుపత్రిలో రక్తం ఎక్కించారు. ఉన్నది. ఇప్పుడు మనవలను ఆడిస్తున్నది.

ఆ పట్టు పుట్టుకతో రాదు. అమ్మ నేర్పదు. ట్రైనింగులో టీచరు మా పిడికిలిని తన చేత్తో పట్టుకుని, బొమ్మ మీద మళ్ళీ మళ్ళీ చేయించి నేర్పింది. ఆ ట్రైనింగుకు పోవాలంటే ముందు పదో తరగతి, ఇంటర్ చదవాలి. ఊరి నుంచి బస్సెక్కి పోయి హాస్టల్లో ఉండాలి.

ఇప్పుడు అఫ్ఘానిస్తాన్‌కు రండి. 2002లో లెక్క తీస్తే లక్ష కాన్పులకు 1,600 మంది తల్లులు పోతున్నారని తేలింది. బదక్షాన్‌లో రాఘ్ అనే కొండ జిల్లాలో 6,500 దాటింది. లోకంలో ఎక్కడా అంత నమోదు కాలేదు. అప్పుడు దేశమంతా కలిపి మంత్రసానులు కొన్ని వందల మందే. ఆ తర్వాత ఏ ఊరికి ఆ ఊరి పిల్లలను ఎంచి, రెండేళ్ళదాకా నేర్పి, తిరిగి అదే ఊరికి పంపారు, అచ్చం మన ఏఎన్‌ఎం‌ల లాగా. ఊరి పిల్ల కాబట్టి ఇంట్లోకి రానిచ్చారు. వేల మంది తయారయ్యారు. 2020 నాటికి ఆ 1,600 ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 620కి దిగింది. మన తెలంగాణలో 2018-20 లెక్క 43. వాళ్ళు ఇంకా చాలా దూరం రావాల్సి ఉంది, కానీ వస్తున్నారు.

2024 డిసెంబరులో ఆ నర్సింగు, మంత్రసాని శిక్షణ సంస్థలను కూడా ఆడవాళ్ళకు మూసేశారు. మెడిసిన్ చదువు రెండేళ్ళ ముందే పోయింది. మిగిలిన ఒక్క తలుపూ అదే. క్లాసు మధ్యలో వచ్చి ఇంటికి పొమ్మన్నారు, పిల్లలు వరండాల్లో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

మొగ డాక్టరు ఆడవాళ్ళను చూడొద్దని కొన్ని రాష్ట్రాల్లో ఆపుతున్నారు. ఆడపిల్లను డాక్టరు కానివ్వరు, నర్సు కానివ్వరు, మంత్రసాని కానివ్వరు. ఇప్పుడున్న ఆడ డాక్టర్లు తాలిబాన్లు రాకముందు చదువుకున్నవాళ్ళు. వాళ్ళు ముసలివాళ్ళవుతారు, దేశం విడిచి పోయినవాళ్ళు పోయారు. 2021లో ఆరో తరగతిలో ఆగిపోయిన పిల్లకు ఇప్పుడు నర్సింగులో చేరే వయసొచ్చింది, చేరడానికి కాలేజీ లేదు. ఇంకో పదేళ్ళకు కాన్పుకు వచ్చే ఆ పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టేదెవరు? మెసేజీ రాసిన పెద్దమనిషి, దండాలు పెట్టిన అక్కలు నాకు ఈ ఒక్కదానికి జవాబు చెప్పాలి. మానం పేరు చెప్పి ఆడదాన్ని నెత్తురోడి చావనివ్వడమేనా మీరు మెచ్చుకుంటున్నది?

ఇది ఊహ కాదు. 2025 ఆగస్టు 31 రాత్రి కునార్‌లో భూకంపం వచ్చి 2,200 మందికి పైగా పోయారు. సాయానికి వచ్చినవాళ్ళు దాదాపు అందరూ మొగవాళ్ళు. పరాయి ఆడదాన్ని ముట్టకూడదని గాయపడ్డ ఆడవాళ్ళను పక్కన ఉంచేశారని అక్కడికి పోయిన విలేకరులు రాశారు. ఆడ సిబ్బందిని కొండల్లోకి పోనివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలిబాన్లను అడుక్కోవాల్సి వచ్చింది.

ఇక ఏడోది. అసలు ఈ ఆరూ రాసింది ఏడోదాని కోసమేనని నా నమ్మకం.

మన జిల్లాలు కడిగిన ముత్యాలేమీ కాదు. దేవరకొండ తండాల్లో ఆడశిశువులను అమ్ముకున్న రోజులు చూశాం. పాలమూరులో జోగినిలను చూశాం. 1988లో చట్టం వచ్చాక కూడా అది ఒక్కరోజులో పోలేదు. పదహారేళ్ళ పిల్ల కార్డులో పందొమ్మిది అని రాయించుకుని, హిమోగ్లోబిన్ ఆరు గ్రాములతో నా ముందు మంచమెక్కిన సందర్భాలు ఎన్నో. అట్లా వచ్చినవాళ్ళలో కస్తూర్బా బడిలో పదో తరగతి పూర్తి చేసిన పిల్ల నాకు గుర్తులేదు. చదువు మానిపించిన ఇళ్ళ నుంచే వచ్చారు.

తల్లిదండ్రుల భయాన్ని మాత్రం నేను తక్కువ చెయ్యను. ఈ మెసేజీ కింద ఒకాయన "హాజీపూర్ మర్చిపోయినవా అక్కా" అని రాశాడు. మర్చిపోలేదు. 2019లో బొమ్మలరామారం మండలంలో హాజీపూర్ బావుల్లోంచి ఆడపిల్లల దేహాలు తీసినప్పుడు మన ఉమ్మడి జిల్లా మొత్తం వణికింది. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఆ పిల్లలను చంపినవాడికి ఉరిశిక్ష వేసింది. కానీ గుర్తు పెట్టుకుంటే పూర్తిగా గుర్తు పెట్టుకోండి. ఆ ఊరికి బస్సు సరిగా లేదు. బడి నుంచి వచ్చే పిల్ల ఎవడో ఒకడి బండి మీద లిఫ్టు అడిగి రావాల్సిన పరిస్థితి. వాడు దాన్నే వాడుకున్నాడు. తప్పు ఆ పిల్లలు బడికి పోవడంలో ఉందా? ఇంట్లో కూర్చోబెట్టమని ఆ తల్లిదండ్రులు మనల్ని అడగలేదు. న్యాయం అడిగారు, రోడ్డూ బస్సూ అడిగారు.

అదే గ్రూపుల్లో ఉచిత బస్సు ఎక్కే ఆడవాళ్ళ మీద వేసిన జోకులు కూడా నేను చదివాను. 2023 డిసెంబరు నుంచి ఆధార్ కార్డు చూపించి కాలేజీకి పోతున్న పిల్లలను, ఆస్పత్రికి పోతున్న ముసలమ్మలను ఎగతాళి చేస్తారు. తర్వాత ఆడపిల్లలకు భద్రత లేదంటారు. పిల్లలు చెడిపోతున్నారంటున్నారు కదా, ఆ పిల్ల ఫోను చూస్తుందా పుస్తకం చూస్తుందా అన్నది ఇంట్లో అమ్మానాన్నలు పిల్లతో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. దానికి తుపాకి ఫొటో ఎందుకు?

మరిదీ, నువ్వడిగినదానికి ఇదీ జవాబు. నీ బిడ్డ ఇంటర్ రెండో ఏడు బైపీసీ. నీ భయం నాకు తెలుసు, సాయంత్రం అయిదున్నర దాటితే మీ ఊరికి బస్సు లేదని కూడా తెలుసు. అట్లాంటి ఊళ్ళు మన మండలంలో ఇంకా ఉన్నాయి, పేర్లన్నీ రాసి పెట్టాను. సాయంత్రం ఏడు గంటలకు ఒక ట్రిప్పు వెయ్యాలని డిపో మేనేజరుకు ఇవ్వడానికి అర్జీ రాశాను. ఆదివారం పొద్దున మా ఇంటి దగ్గర ఉంటుంది. ఈ మెసేజీ పంపిన ప్రతి ఒక్కరూ వచ్చి మీ ఊరి పేరు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే చేర్చండి, సంతకం పెట్టండి. ఆధార్ నంబరు అక్కర్లేదు, ఊరు, ఫోను నంబరు చాలు. సోమవారం డిపోకు పోయేటప్పుడు నాతో ఇద్దరు మొగవాళ్ళు వస్తే మంచిది. మరిదీ, నువ్వొకడివి రావాలె.